గుర్రూ, వాల్వూ, గుండు బల్బూ

గుర్రు తగ్గలేదు. గిటారు తగిలించినా అదే, పీకేసినా అదే. వాల్యూమ్ సున్నాకి తిప్పినా అదే గుర్రు. తెనాలిలో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో అందరికీ అది అలవాటైపోయింది, అతనికి తప్ప.

గుర్రుపెట్టే ఆ సెట్టు అతని మేనమామది. ఒకప్పుడు పెళ్లిళ్లకీ శ్రీరామనవమి పందిళ్లకీ మైకు సెట్టు అద్దెకిచ్చిన మనిషాయన. రెండు ఈఎల్34 వాల్వుల యాంప్లిఫయరు అటక మీద పాత బిందెల వెనక పడి ఉంటే, గిటారు యాంపుగా మారుస్తానని మేనల్లుడు దించాడు. పందిట్లో మైకుకీ గిటారుకీ ఏం చుట్టరికమని ఇంట్లో అడిగారు. లేకేం! 1962లో లండన్‌లో డ్రమ్ములు నేర్పుతూ సంగీత వాయిద్యాల కొట్టు నడిపే జిమ్ మార్షల్, తన మనుషుల చేత చేయించిన మొదటి యాంపు అమెరికా ఫెండర్ బాస్‌మాన్‌కి దాదాపు నకలే. ఆ బాస్‌మాన్ కూడా బేస్ గిటారు కోసం పుట్టి, మామూలు గిటారువాళ్ల చేతుల్లో పడింది. తర్వాత మార్షల్ యాంపుల్లో స్థిరపడిన వాల్వు ఈ ఈఎల్34యే. ఇదంతా ఓపిగ్గా విని, "అయితే లండనే పంపించెయ్" అన్నారు ఇంట్లో.

పాత వాల్వు సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ఎండిపోయిన కెపాసిటర్లు పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మరు మాడొచ్చు. సిరీస్ బోర్డులో వంద వాట్ల గుండు బల్బు పెట్టి, దాని మీదుగా కరెంటివ్వాలి. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలిగి సెట్టుని కాపాడుతుంది. ఏ ఎలక్ట్రీషియన్నడిగినా చెప్పే చిట్కా ఇది. చిట్కా ఉంది, బల్బు లేదు.

ఒక కొట్టాయన తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ చేతిలో పెట్టి "వందతో సమానం సార్" అన్నాడు. వెలుగు అక్కర్లేదు, ఫిలమెంటు కావాలన్నాడు ఇతను. "ఫిలమెంటు మోడలే, కాఫీ షాపుల్లో కడుతున్నారు" అంటూ ఇంకొకటి తీశాడు. అదీ ఎల్‌ఈడీయే. పక్క కొట్టులో కరెంటు పొదుపు మీద ఉపన్యాసం దొరికింది. దాన్నీ కాదనలేం. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీలు పంచారు. అన్ని కోట్ల బల్బుల మధ్య కరెంటు దండగ చేసే బల్బు ఒక్కటి పుట్టలేదు! ఇంకోచోట దేవుడి గదికి పెట్టే జీరో వాట్ బల్బు చూపించారు. పేరుకే జీరో, అదీ పదిహేను వాట్ల దాకా తాగుతుంది. ఈ పనికి మాత్రం చాలదు. మరో కొట్టులో కుర్రాడు "నాన్ననడగాలి సార్" అన్నాడు. నాన్నగారు నిద్రలో ఉన్నారు. లేచి, మొహం కడుక్కుని, సెట్టు చరిత్రంతా విని, మైకు సెట్టు మంచిచెడ్డలు విచారించి, అప్పుడు లేదన్నారు.

చివరికది కోళ్ల ఫారంలో దొరికింది. కోడిపిల్లలకు కావలసింది వెలుగు కాదు, వేడి. ఊరంతటిలో అతని బాధ తెలిసినవి అవే. ఫారం ఆసామి డబ్బులు వద్దన్నాడు గానీ, పిల్లలకు చలేస్తుంది, పొద్దున్నే తెచ్చిచ్చెయ్యమన్నాడు.

ఇక వాల్వులు. బెంగళూరు బీఈఎల్ 1961 నుంచి రిసీవింగ్ వాల్వులు చేసేది. ఇప్పుడు కొత్తవి కావాలంటే స్లొవేకియా, రష్యా, చైనాల దిక్కు చూడాలి. అమెరికావాడి 12ఏఎక్స్7, యూరప్‌వాడి ఈసీసీ83 ఒకటే వాల్వు. అమ్మేవాడు మాత్రం రెంటికీ రెండు ధరలు చెప్తాడు. రేడియో మెకానిక్కుల కొట్లన్నీ సెల్ ఫోన్ కొట్లయ్యాయి. అక్కడ వాల్వు చూపిస్తే కుర్రాళ్లు సెల్ఫీ తీసుకుంటున్నారు, సెట్టు మాత్రం ముట్టుకోవడం లేదు.

గుర్రులోనూ రకాలున్నాయి. సాధారణంగా 100 హెర్ట్జ్‌దైతే ఫిల్టర్ కెపాసిటర్ల తప్పు. 50దైతే హీటరు తీగలదో, ఎర్తుదో. కెపాసిటర్లన్నీ మార్చి జేబు ఖాళీ అయ్యాక తేలింది, ఇక్కడిది 50 అని.

"మావయ్యా, ఈ గుర్రు అప్పుడూ ఉండేదా?"

"పందిట్లో సన్నాయి, వంటవాళ్ల కేకలు, పిల్లల ఏడుపులు. గుర్రెవడు విన్నాడ్రా అబ్బాయ్?"

గిటారు మీటి వినిపిస్తే, "మొద్దుగా ఉందేంట్రా, ట్రెబుల్ పెంచు" అన్నాడాయన. ట్రెబుల్ అప్పటికే చివర్లో ఉంది. పెద్ద చప్పుడు మధ్య ఏళ్లు గడిపిన చెవి ముందు పోగొట్టుకునేది పైస్వరాలనే. పెళ్లిళ్ల సీజన్లన్నీ ఆయన హారన్ల కిందే గడిపాడు. సెట్టుకి విడిభాగాల కోసం దేశాలు గాలించారు గానీ, ఆయన చెవులు డాక్టరుకి చూపిద్దామన్న మాట ఆ ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు.

గుర్రు వేట సాగుతూనే ఉంది. మీ అటక మీద ఇలాంటి సెట్టుంటే పాత ఇనుముకి వేయకండి, అలాగని తొందరపడి విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా పెద్ద కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలవుండొచ్చు. పని తెలిసినవాళ్ల చేత ఆ చార్జి దించి, మీటరుతో చూపించాకే లోపల చెయ్యి పెట్టండి.