పసుపు కడిగిన చెయ్యి

మా రోజుల్లో పుండుకి కట్టు కట్టడమంటే పెద్ద తతంగం. గాజుగుడ్డ తానుగా వచ్చేది. దాన్ని చదరాలుగా కత్తిరించి, మడతలు పెట్టి, డ్రమ్ములో సర్ది, ఆవిరికి పెట్టాలి. దూది ఉండలు చుట్టాలి. ఎర్రమందు కలుపుకోవాలి. ఇదంతా పొద్దున్నే, ఓపీకి జనం రాకముందే అయిపోవాలి. ఇప్పుడేమో బిస్కెట్ ప్యాకెట్ చింపినట్టు చింపితే లోపల కట్టు సిద్ధంగా ఉంటుంది. అదీ చాలలేదు. మా మనవరాలు కరెంటుతో దారం తీసి, ఆ దారంలో పసుపు కలిపి, పుండు మీద వేసే గుడ్డ చేస్తోంది. నాలుగేళ్ళయింది. ఇంతవరకూ ఒక్క మనిషి పుండు మీదా వేసింది లేదు.

ఆలస్యం సంగతి అలా ఉంచండి. నా కడుపుమంట పసుపు గురించి.

1969లో దుగ్గిరాల దగ్గర ఓ పల్లెటూరి ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరి, 2006లో దిగిపోయాను. దుగ్గిరాల అంటేనే పసుపు యార్డు. చుట్టుపక్కల అందరూ పసుపు తవ్వేవాళ్ళూ, ఉడకబెట్టేవాళ్ళూ. కాలికి గునపం దిగినా, వేలికి కొడవలి తెగినా ముందు పసుపూ సున్నమూ మెత్తేవాళ్ళు. రెండూ కలిసి పారాణిలా ఎర్రబడేవి. దానిమీద పాత చీర పీలిక చుట్టుకుని, మూడోరోజు వాచిన కాలితో నా బల్ల ముందుకొచ్చేవాళ్ళు. కొందరు గడ్డి చామంతి ఆకు నలిపి రసం పిండేవాళ్ళు. బళ్ళో మేం పలకలు తుడుచుకున్న పలకాకే అది. (మన పూర్వీకుల వైద్యమని ఛాతీ విరుచుకుంటాం గానీ, ఆ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం.) ఇంకొందరు సాలెగూడు దులిపి అంటించేవాళ్ళు, కాఫీపొడి అద్దేవాళ్ళు. పేడ పెట్టినవాళ్ళూ ఉన్నారు.

"ఎవడు చెప్పాడయ్యా ఈ చెత్తంతా పూయమని?" అని ముందు తిట్లు. తర్వాత సబ్బునీళ్ళు, స్పిరిట్టు, ఎర్రమందు, పైన పొడి గాజుగుడ్డ. మర్నాడు ఆ గుడ్డ పుండుకి కరుచుకుపోయి ఉండేది. ఓ మూల పట్టుకుని చర్రున లాగేవాణ్ణి. అరిస్తే, "ఏంటయ్యా ఆ అరుపులు, బయట జనం వింటున్నారు" అని గదమాయించేవాణ్ణి. పుండు ఆరాలి, గాలి తగలాలి, పక్కు కట్టాలి. అదే మా వేదం.

ఆ వేదం తప్పని ఇంగ్లండులో జార్జ్ వింటర్ అనే ఆయన 1962లోనే తేల్చేశాడట. పంది పిల్లల చర్మం మీద గాయాలు చేసి, కొన్నిటిని ఆరనిచ్చి, కొన్నిటిమీద పాలిథీన్ పొర కప్పి చూస్తే, తడిగా ఉన్న గాయం మీద కొత్త చర్మం ఇంచుమించు రెట్టింపు వేగంతో పాకిందట. పక్కు కడితే చర్మం దాని కిందుగా తవ్వుకుంటూ పోవాలి, తడి ఉంటే పైన జారుకుంటూ పోతుంది. నేను ఉద్యోగంలో చేరడానికి ఏడేళ్ళ ముందు మాట ఇది. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఎంతమంది డాక్టర్ల దగ్గర పనిచేశానో, ఒక్కరూ చెవిన వేయలేదు. మనవరాలు చెబితే తెలిసింది. ఎన్ని వేల పక్కులు పీకానో లెక్కేసుకోకుండా ఉండడమే మంచిది.

ఇంకోటి. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రం పసుపుతో గాయం మాన్పడం మీద పేటెంటు తెచ్చుకుంది. మన సీఎస్ఐఆర్ వాళ్ళు అడ్డం పడి, సంస్కృత గ్రంథాలూ, 1953లో మన వైద్యుల పత్రికలో వచ్చిన వ్యాసమూ కలిపి ముప్పై రెండు ఆధారాలు చూపిస్తే 1997లో రద్దయింది. పేపర్లో చదివి మీసం మెలేశాను. ఆ పేపరు మడిచి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషి కాలిమీద పసుపు స్పిరిట్టుతో కడిగాను. అప్పుడు తోచలేదు గానీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"నువ్వు కడిగింది పసుపుని కాదు తాతయ్యా, దాంతో వచ్చిన మట్టినీ పేడనీ" అని మనవరాలు సర్దిచెబుతుంది. అదీ నిజమే. ధనుర్వాతంతో విల్లులా వంగిపోయిన ఒళ్ళు చూసినవాడు ఎవడూ పుండు మీద మట్టి సహించడు.

పోయిన సంక్రాంతికి ముందు మనవరాలు నన్ను తన ల్యాబుకి తీసుకెళ్ళింది. కరెంటుతో దారం అంటే ఏ మరమగ్గమో అనుకున్నా. గాజు పెట్టెలో నేను జీవితమంతా వాడిన సిరంజీ, సూదీ! పిస్టన్ని మర తోస్తోంది, గంటకి ఒక మిల్లీలీటరు. అదీ ఒక వేగమేనా? సూదికి పదిహేను వేల వోల్టులు. జానెడు దూరంలో వంటింటి అల్యూమినియం రేకు. సూది మొన దగ్గర బొట్టు కారకుండా గోపురంలా సాగి, కొసన సన్నటి ధార లేచి, తోక తొక్కిన పాములా గిలగిలా కొట్టుకుంటుంది. రేకు చేరేలోగా ద్రావకం ఆవిరైపోయి దారం మిగులుతుంది. వెంట్రుకలో రెండు మూడు వందలో వంతు లావు. గంటసేపు నిలబడితే రేకు మీద లేత పసుపు మీగడ కట్టింది. అంచు లేపి నా అరచేతిలో పెట్టింది. బరువే లేదు. తేరిపార చూస్తే, గోడమూల సాలెగూడు. మేం తిట్టి దులిపేసిన సాలెగూడే, పసుపు పూసుకుని తిరిగొచ్చింది.

కొత్త కొత్త అని ఎగరకండి. ఈ పద్ధతికి ఆంటన్ ఫార్మాల్స్ అనే ఆయన అమెరికాలో పేటెంటు తీసుకున్నది 1934లో. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. మూలనపడి ఉంటే, 1990లలో ఆక్రన్‌లో రెనెకర్ అనే ప్రొఫెసరు దుమ్ము దులిపాడు.

దారం అంత సన్నగా ఎందుకంటే, మన ఒంట్లో కండని పట్టి ఉంచే పీచూ అలాగే ఉంటుందట. బీరతీగకి పందిరి వేసినట్టు, కొత్త కణాలు ఆ దారాలు పట్టుకుని పాకుతాయి. సందుల్లోంచి గాలి ఆడుతుంది, సూక్ష్మక్రిములకి దారి ఇరుకు. మరి పసుపుని దారంలో దాచడం ఎందుకు? పసుపులో పనిచేసే కుర్కుమిన్ నూటికి ఐదు పాళ్ళు కూడా ఉండదు సాధారణంగా. నీళ్ళలో కరగదు, వెలుగుకి నిలవదు. ఇది మాత్రం ల్యాబులో చెప్పక్కర్లేదు. చీర మీద పసుపు మరక ఎండలో వేస్తే పోతుందని మా ఆవిడకి ఎప్పుడో తెలుసు. దారంలో పెడితే కాస్త కాపాడుకుంటూ, రోజుల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. వదలాలి. ఒక్కోసారి మొదటి కొన్ని గంటల్లోనే ఉన్నదంతా కక్కేస్తుందట.

పెరట్లో మొక్కలన్నీ ఇప్పుడు ఈ సూదిలోంచి దూరుతున్నాయి. వేప, కలబంద, సరస్వతి ఆకు, ఒకటేమిటి! అయితే ఆకు రసం మాత్రబిళ్ళలాంటిది కాదు. ఈ చెట్టుది ఒకలా, ఆ చెట్టుది ఒకలా, వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా. నా డ్రమ్ములో పెట్టి శుద్ధి చేద్దామంటే వీళ్ళు పాలీకాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్‌తో తీసే దారం అరవై డిగ్రీలకే కరిగి ముద్దవుతుంది. మా గాజుగుడ్డని రోజూ ఉడకబెట్టినా మారు మాట్లాడేది కాదు.

నాకు షుగరు పదహారేళ్ళుగా ఉంది. రెండు నెలల క్రితం ఎడమకాలి బొటనవేలికి చెప్పు ఒరుసుకుని పుండు పడింది. "నీ గుడ్డ ఓ ముక్క ఇవ్వవే" అన్నా. "ఇంకా ఎలుకల దగ్గరే ఉంది తాతయ్యా, మనుషులకి వేయకూడదు" అంది. ఎలుకలకి పసుపు పట్టుబట్టలు, తాతకి మొండిచెయ్యి. డాక్టరు చూసి, కోసి శుభ్రం చేసి, రోజుమార్చి రోజు కట్టు మార్చుకోమన్నాడు. మందుల షాపుకెళ్తే చేతిలో పెట్టింది గాజుగుడ్డే. మందేసి అదే చుట్టుకున్నా.

నిన్న పొద్దున చూస్తే ఎండి కరుచుకుపోయి ఉంది. సెలైన్ పోసి నానబెట్టా. పది నిమిషాలు ఆగాలని తెలుసు. అయిదు ఆగా. మూల పట్టుకుని లాగేసరికి కొత్తగా పాకిన చర్మం కాస్తా దాంతోపాటే లేచొచ్చింది.

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఏంటండీ ఆ అరుపులు, పక్కింటివాళ్ళు వింటున్నారు."