మూటలో మరిగిన ల్యాప్‌టాప్: ఒక కందానికి టీకా తాత్పర్యం

మూలం

మూటను బెట్టిన నిద్దుర
మాటే యెత్తక సలసల మరుగును గాదే;
బ్యాటరి కరగక ముందే
నీటుగ సెట్టింగు దిద్ది నిలుపర తమ్మీ!

అవతారిక

ఒకానొక తమ్ముడు కరీంనగర్ బస్టాండులో ల్యాప్‌టాప్ మూత టప్పున మూసి, సంచిలో కుక్కి, ఆదిలాబాద్ బస్సెక్కాడు. దిగి తెరిచేసరికి తెర నల్లగా, అడుగు వెచ్చగా, చార్జి సున్నాగా ఉన్నాయి. ఆయన కరెంటోళ్లను తిట్టబోతుండగా బస్సులో పక్క సీటులో వచ్చిన అన్న వారించి ఈ కందం చెప్పాడని సంప్రదాయం. సంప్రదాయం అంటే సాక్ష్యం అడగరాదని అర్థం.

టీకాకారులలో మేటి కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతం వాడే. మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. మేము చేయలేదు.

ప్రతిపదార్థం

తమ్మీ = ఓ తమ్ముడా (ఇక్కడ వయసుతో పనిలేదు; సెట్టింగు తెలియనివాడు తెలిసినవాడికి ఎప్పుడూ తమ్ముడే); మూటను = వీపున వేలాడే సంచిలో; బెట్టిన = పెట్టినప్పటికీ; నిద్దుర మాటే యెత్తక = నిద్రపోదామన్న ఊసే లేకుండా; సలసల = ఫ్యాను గిరగిర తిరుగుతున్నా ఆగనట్టుగా; మరుగును గాదే = కాగిపోతుంది కదా; బ్యాటరి = లిథియం అయాన్ రూపంలో దాచుకున్న ధనం; కరగక ముందే = చార్జి తరగకముందే అని పాతవారు, ఆయుష్షు తరగకముందే అని మేము; సెట్టింగు = పవర్ ఆప్షన్స్ అనే గుహలో దాగిన ఎంపికలను; నీటుగ దిద్ది = శ్రద్ధగా సరిచేసి; నిలుపర = కాపాడుకో.

తాత్పర్యం

తమ్ముడా, మూత మూసినంత మాత్రాన యంత్రం నిద్రపోదు. దానికి నిద్ర ఎలా పోవాలో నువ్వే చెప్పాలి.

విశేషాలు

*ఛందస్సు.* కరీంనగర్ నేల మీద ఇలాంటి మాట కందంలో చెప్పడమే న్యాయం. గంగాధర దగ్గరి కుర్క్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో వేయించిన శాసనంలో తెలుగు కందాలున్నాయి. ఆ రాతకు చార్జింగ్ అక్కరలేదు. ఇప్పటికీ తెరిచే ఉంది.

*పూర్వపక్షం.* "గీ బ్యాటరీ ఖరాబైందంటె కరెంటు సక్కగ లేకనే గదన్నా, నా తప్పేముంది?" అని తమ్ముడి వాదం.

*సిద్ధాంతం.* ఈ వాదం ఒకప్పుడు చెల్లేది. రామగుండం పొగగొట్టాలను చూస్తూ కందిలి వెలిగించుకున్న తరం ఇంకా బతికే ఉంది. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు కలిపి ఎన్టీపీసీ అక్కడ 1983 నుంచి కరెంటు తీస్తోంది. పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు, దాని పక్కన లేచిన తెలంగాణ ప్రాజెక్టుది మరో 1,600. ఇక పాత ఆదిలాబాద్ జిల్లాలోని జైపూర్‌లో సింగరేణి వారి 1,200 మెగావాట్ల కేంద్రం ఉండనే ఉంది. పంచిపెట్టడానికి హనుమకొండ నుంచి ఉత్తర డిస్కం, సిరిసిల్లలో 1970లో పుట్టిన సహకార సంఘం 'సెస్' ఉన్నాయి. అయితే తమ్ముడి సంచి ఈ ఇద్దరిలో ఎవరి పరిధిలోకీ రాదు. సంచిలో పోయిన కరెంటుకు లైన్‌మన్ బాధ్యుడు కాడు.

*నిద్రాభేదాలు.* ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా అనే ముగ్గురు ఋషులు 1996లో ఏసీపీఐ అనే సూత్రగ్రంథం వెలువరించి, యంత్రం మెలకువకూ నిద్రకూ మెట్లు కట్టారు. మన వేదాంతులు చెప్పిన నాలుగు అవస్థలతో వాటిని పోల్చి చూస్తే ఇలా తేలుతుంది.

పని చేస్తున్నప్పటిది జాగ్రదవస్థ. కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చిన మోడర్న్ స్టాండ్‌బై స్వప్నావస్థ: తెర ఆరుతుంది కానీ లోపల వైఫై, మెయిళ్లు, అప్‌డేట్లు కలలై నడుస్తూనే ఉంటాయి. మన తమ్ముడి సంచి కాగింది ఈ కలల వేడికే. హైబర్నేట్ సుషుప్తి: అప్పటివరకు చేసిన పనంతా డిస్కులో రాసిపెట్టి, బ్యాటరీని దాదాపు ముట్టకుండా పడుకుంటుంది. లేవడానికి కొద్దిగా ఆలస్యం, అంతే.

షట్‌డౌన్ తురీయమని లోకం భ్రమ. విండోస్ 8 నాటి నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే మాయ ప్రవేశించింది. అది ఉంటే షట్‌డౌన్ వేళ వ్యవస్థ మూలభాగం డిస్కులో దాగి, మరునాడు పాత వాసనలతోనే తిరిగి లేస్తుంది. అందుకే "బందుచేసి చాలు చేసినా బాగుకాలే" అన్న గిరాకీకి దుకాణపు అన్న "రీస్టార్ట్ కొట్టు" అంటాడు. ఆయన వేదాంతం చదవలేదు, అయినా మాట నిజం. పాత వాసనలను కడిగేది రీస్టార్టే.

*దేశకాలాలు.* మే నెలలో కరీంనగర్, జగిత్యాల, రామగుండం 45 డిగ్రీలను తాకుతాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆదిలాబాద్ 10 డిగ్రీల కిందికి దిగుతుంది. రెండూ బ్యాటరీకి కష్టమే, కానీ సమానం కావు. చలిలో తగ్గిన శక్తి వెచ్చబడగానే తిరిగి వస్తుంది. వేడిలో పోయిన ఆయుష్షు తిరిగి రాదు. నూరు శాతం చార్జితో, ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదిలినవాడు రెండు పాపాలు ఒకేసారి చేసినవాడు. రోజంతా ప్లగ్గులోనే ఉంచేవారి కోసం చాలా కంపెనీలు చార్జిని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఇచ్చాయి. దాన్ని పెట్టుకోవడమే నూరు శాతం చార్జి పాపానికి పరిహారం.

*ప్రయోగవిధి.* కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరవాలి. మూత మూస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు అక్కడ రెండు వరుసలుంటాయి: బ్యాటరీ మీద ఉన్నప్పుడు, ప్లగ్గులో ఉన్నప్పుడు. మొదటి వరుసలో హైబర్నేట్ ఎంచుకోవాలి. ఆ మాటే కనబడకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /హైబర్నేట్ ఆన్' అనే మంత్రం కొట్టాలి. 'పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్' అంటే నిద్ర చెడగొడుతున్నది ఎవరో పేరుతో సహా బయటపడుతుంది. 'పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్' అంటే పుట్టినప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు మిగిలింది ఎంత అన్న జాతకం వస్తుంది. మంత్రాలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. లిపి మారితే దేవత పలకదు.

*అధికారి నిర్ణయం.* ఈ శాస్త్రం ఎవరు చదవాలి? బాసరలో జ్ఞానసరస్వతి ఎదుట పిల్లలు అక్షరాభ్యాసం చేస్తారు. అదే ఊళ్లో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ, పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి చదువు చెప్పింది. పలక పట్టడం నేర్పేవారు ఉన్నట్టే, పవర్ సెట్టింగు నేర్పేవారూ ఉండాలి. యంత్రం చేతికిచ్చిన ప్రతి బడీ, ప్రతి ఆఫీసూ మొదటి రోజునే ఒక గంట దీనికి కేటాయించాలి.

ఫలశ్రుతి

ఈ కందం చదివి, మూత సెట్టింగు మార్చినవాడికి బస్సు దిగేసరికి చార్జి మిగులుతుంది. చదివి మార్చనివాడికి తాత్పర్యం మాత్రమే మిగులుతుంది. కొత్త బ్యాటరీ కొనబోయే తమ్ముడా, చెల్లెమ్మా, ముందు జాతకం తీయించి చూడండి. సగం ఫిర్యాదులకు మందు దుకాణంలో లేదు, మీ పవర్ ఆప్షన్స్‌లోనే ఉంది.