ప్రశ్నలు రాని లేబుల్

కొత్త సైన్స్ గ్యాలరీ వారంలో తెరవాలి. 40 ఎగ్జిబిట్లకు లేబుళ్లు రాసే పని మీ నెత్తిన పడింది. కంగారు పడకండి. మంచి లేబుల్‌కు ఒక్కటే లక్షణం. అది చదివిన పిల్లవాడు మీ గది దాకా వచ్చి "ఎందుకు సార్?" అనకూడదు. దానికి దారి ఇదిగో.

1. ఎగ్జిబిట్ దగ్గరికి వెళ్లకండి. కుర్చీలోంచి లేవకుండా ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం తెరిచి నిర్వచనం, సూత్రం, ఉపయోగాలు వరుసగా దింపేయండి. ఎవరైనా అడిగితే "సిలబస్‌లో ఉన్నదే రాశాం" అనండి. ఆ మాటకు తిరుగులేదు.

2. "ఎర్ర బటన్ నొక్కండి" అన్న ముక్క పదిహేనో లైనులో రావాలి. అంతదాకా ఎవరూ చదవరు, బటన్ నొక్కరు, మోటారు పదేళ్లు కొత్తగా ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో తెరిచిన ఎక్స్‌ప్లొరటోరియంలో ముందు ఏం చేయాలో, ఏం గమనించాలో చెబుతారు. ఎందుకు జరిగిందో ఆ తర్వాతే. పిల్లలు ఎగబడి తిప్పేస్తారు. విరిగితే బాగుచేసుకోవడానికి అక్కడ మ్యూజియం లోపలే వర్క్‌షాపు ఉంది. మనకెందుకా తద్దినం?

3. జవాబు ముందే చెప్పేయండి. రెండు శంకువులు అడుగులు కలిపి అతికించిన దిమ్మ వాలు పట్టాల మీద పైకి దొర్లుతుంది. పిల్లలు వంగి వంగి చూస్తారు, వెనక లైను ఆగిపోతుంది. "పట్టాలు ఎడమయ్యే కొద్దీ దిమ్మ సన్నటి కొనల మీద ఆనుతుంది, కనుక దాని గరిమనాభి నిజానికి కిందికే దిగుతుంది" అని పైనే పెద్దక్షరాల్లో వేయండి. మొదట్లో ఎంత ఎత్తుందో, చివర్లో ఎంతుందో కొలిచి చూడమని మాత్రం రాయకండి. స్కేలు పెట్టాలి, పోతే ఇండెంట్ రాయాలి.

4. ఫూకో లోలకం ఉందా? అదృష్టవంతులు. లేబుల్ అంతా చరిత్రతో నింపేయొచ్చు. 1851, పారిస్ పాంథియాన్, 67 మీటర్ల తీగ, 28 కిలోల గుండు, అన్నీ రాయండి. చివర్లో "లోలకం ఊగే దిశ 24 గంటల్లో ఒక చుట్టు తిరుగును" అని ముగించండి. అది ధ్రువాల దగ్గరి లెక్క. హైదరాబాద్ అక్షాంశంలో గంటకు సుమారు 4.5 డిగ్రీలే తిరుగుతుంది, చుట్టు పూర్తవడానికి దాదాపు 80 గంటలు పడుతుంది. అయితేనేం, 80 గంటలు నిలబడి చూసేదెవరు? నేల మీద సుద్దతో గీత గీసి "గంట తర్వాత మళ్లీ రండి" అంటే మాత్రం కొంప మునుగుతుంది. నిజంగానే వస్తారు.

5. తెలుగు సంగతి చివరి రోజు చూడండి. ఇంగ్లీషు లేబుల్‌ను ఫోన్‌లో అనువాదం కొట్టించి, చదవకుండానే ఫ్లెక్సీ షాపుకు వాట్సాప్ చేయండి. అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో వొత్తులు విడిపోయి "అయస్కాంతం" కాస్తా "అయస్‌కాంతం" అవుతుంది, "శక్తి" "శక్‌తి" అవుతుంది. దిద్దించకండి. అడిగినవాళ్లకు "ఫాంట్ ప్రాబ్లం" అంటే చాలు. తెలుగువాడెవడూ రెండో ప్రశ్న వేయడు.

6. ఐదో తరగతి పిల్లల తలకు రెండడుగులు పైన బిగించండి. మెరిసే లామినేషన్, ఎదురుగా ట్యూబ్‌లైటు. టీచర్లకు కూడా తమ మొహమే కనిపిస్తుంది.

7. "మరమ్మతులో ఉన్నది" బోర్డులు ఇప్పుడే ఓ డజను కొట్టించండి. తేదీ వేయకండి, ఏటా పనికొస్తాయి.

ఒక్కచోట మాత్రం బద్ధకించకండి. ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరించి వెళ్లిపోతారు, లేబుళ్ల వంక చూడరు. శిలాఫలకం మీద తన పేరు మాత్రం తప్పకుండా చదువుకుంటారు. దాని ప్రూఫు మీరే కూర్చుని మూడుసార్లు దిద్దండి.