అరవై డిగ్రీల లీటరు

రాయపూర్ ఎండ ఎంత మొండిదైనా దానికీ ఒక హద్దుంది. మే నెలలో 45 దాటిందంటే గుఢియారీ టోకు బజార్లో హమాలీలు బస్తాల నీడన చేరిపోతారు, బేరాలు సాయంత్రానికి వాయిదా పడతాయి. అరవై డిగ్రీలు మాత్రం ఇక్కడ ఎవరూ చూడలేదు. చూసినవి నూనె కంపెనీలే.

కొన్నేళ్ళ కిందటి దాకా కొన్ని నూనె ప్యాకెట్ల మీద ‘ఒక లీటరు’ అని పెద్దక్షరాల్లోనూ, ఎన్ని డిగ్రీల దగ్గర లీటరో భూతద్దానికి మాత్రమే కనిపించే అక్షరాల్లోనూ ఉండేది. ఆ డిగ్రీలు కొందరి చేతిలో 60 దాకా పోయాయి. వేడెక్కిన నూనె వ్యాకోచిస్తుందని బళ్ళో చదువుకున్నదే. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది. తేడా ఒక తాలింపు. దేశంలో ఎన్ని ప్యాకెట్లు అమ్ముడవుతాయో అన్ని తాలింపులు గాల్లో కలిశాయన్నమాట. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు ఈ ఘాటు తగిలింది. డిగ్రీల గొడవ మాని, నికరంగా లీటర్లూ గ్రాములూ రాయండని 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. ఈ కథంతా చెబితే మా అమ్మ ఒక్కటే అడిగింది: “ఏటిరా, నూనెకి జొరం ఒచ్చిందా?”

జ్వరం తగ్గింది గానీ మనిషి చిక్కిపోయాడు. ఫలానా సరుకు ఫలానా పరిమాణంలోనే ప్యాక్ చెయ్యాలన్న పాత జాబితాను కూడా అదే 2022లో ఎత్తేశారు. ఇప్పుడు కొట్లో వేలాడే వరస చూడండి. 910 గ్రాములది లీటరు. దాని పక్కన 870. ఆ పక్కన 840, 800, 750. అన్నిటిదీ ఒకే ఎత్తు, ఒకే పొద్దుతిరుగుడు పువ్వు, ఆ పువ్వు కింద నవ్వుతున్న అదే ఇల్లాలు. ఆవిడ దేనికి నవ్వుతోందో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. గ్రాము ఎంత పడుతుందో కూడా అచ్చు వెయ్యాలని చట్టం ఉంది; వేస్తున్నారు కూడా. ప్యాకెట్టు అంచు అతికిన చోట, ముడత లోపల, తళతళలాడే వెండి రంగు మీద తెల్ల సిరాతో. చదవాలంటే ప్యాకెట్టును వెలుతురుకు ఎత్తిపట్టి, మెడ వంచి, ఒక కన్ను మూయాలి. వెనకనున్నవాళ్ళు మనకేదో అయిందని మంచినీళ్ళిస్తారు. పోనీ టిన్ను కొంటే ఈ బాధ ఉండదనుకునేరు. పదిహేను కిలోల టిన్ను వేరు, పదిహేను లీటర్ల టిన్ను వేరు. రెంటికీ మధ్య కిలోకు పైగా తేడా. రెండూ ఒక్క పోలికే.

మేముండేది గుఢియారీలోనే. రాయపూర్ కిరాణా కొట్లకు సరుకు పంపే పెద్ద టోకు బజారు మా గుమ్మం ముందర. పప్పూ చక్కెరా మా కళ్ళముందే లారీ దిగుతాయి, మా కళ్ళముందే ఊళ్ళోకి వెళతాయి, అక్కడ రెండు చేతులు మారి, రేటు పెంచుకుని, మా వీధి చిల్లర కొట్టుకు తిరిగొస్తాయి. అప్పుడు కొంటాం. నేరుగా టోకు కొట్టుకెళ్ళి కిలో కందిపప్పు అడిగారా, సేఠ్ జాలిగా చూస్తాడు. “రాహర్ దాల్ ఖుల్లా నహీ దీదీ, పూరా కట్టా లేనా పడేగా.” కందిపప్పు విడిగా ఇవ్వరు, కట్టా మొత్తం కొనాలట. కట్టా అంటే ముప్పై కిలోలు.

ఆ ముప్పైకి ఇంకో మహిమ ఉంది. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబులు అంటించిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడింది. 25 కిలోలు దాటిన బస్తాకు మాత్రం లేదు. తెలుగు మిల్లర్లకు ఎన్నాళ్ళో పట్టలేదు, 26 కిలోల బియ్యం బస్తా బజార్లోకి దిగింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించినప్పుడు బిస్కట్లు 18 నుంచి 5కు వచ్చాయి, ప్యాక్ చేసిన పనీరుకు పూర్తిగా మాఫీ అయింది, కిలో కందిపప్పు ప్యాకెట్టు మీది 5 మాత్రం కూర్చున్న చోటినుంచి లేవలేదు. కాబట్టి బస్తా కొనగలిగినవాడు పన్ను లేకుండా తింటాడు, కిలో ప్యాకెట్టు కొనేవాడు దేశాన్ని నడుపుతాడు. విడిగా తూచి ఇస్తే పన్ను లేదుగా అంటారా? లేదు. కాటా మీద వాలే బొటనవేలుకు ఇంకా శ్లాబు నిర్ణయించలేదు.

అందుకని మా ఆవిడ కూటమి కట్టింది. మేము, ఎదురింటి ఒడియా వదినగారు, పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ, మేడమీద మరాఠీ టీచరమ్మ. నలుగురూ కలిసి ఒక కట్టా తెచ్చి పంచుకోవడం. ఉమ్మడి కార్యక్రమం మీద ఎవరికీ తగువు లేదు. తగువంతా తూకం దగ్గరే. మావాడు ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న కాటా ఐదు కిలోలకు మించి మొయ్యదు. మా అమ్మ బొబ్బిలి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సోలతో కొలుద్దామంటే, సోల నిండా అంటే కుప్పగానా, చదునుగానా అని టీచరమ్మ అభ్యంతరం. అదీ సర్దుకుంది. కట్టా అడుగు దగ్గరికొచ్చేసరికి అసలు సంక్షోభం వచ్చింది. పైనంతా నిగనిగలాడే బద్దలు. అడుగున నలిగిన నూక, పిండి, సుతిలి దారపు పీచు. ఆ అడుగు వాటా ఎవరిది? నెలకొకరు వంతు తీసుకోవాలని ఒప్పందం కుదిరింది. కాగితం మీద రాయలేదు.

రాయపూర్‌లో వంతుల ఒప్పందాలు ఎలా ఉంటాయో 2021లోనే చూశాం. ముఖ్యమంత్రి కుర్చీకి రెండున్నరేళ్ళ వంతు ఉందన్నది ఒక వర్గం, అసలా మాటే లేదన్నది ఇంకో వర్గం, ఎమ్మెల్యేలేమో ఢిల్లీ విమానంలో. చివరికి కూర్చున్నవారే కూర్చున్నారు. మా కూటమిలోనూ అడుగు వాటా ఎప్పుడూ మాదే అవుతోంది. “కాటా మీ ఇంట్లో ఉంది గదా అక్కా, పిండి మీ గచ్చు మీదే పడుతుంది” అంటుంది ఒడియా వదినగారు. తర్కానికి తిరుగులేదు. ఆ నూకతో మా ఆవిడ వడియాలు పెట్టి, కూటమి భాగస్వాములకు తలా గుప్పెడు పంచింది. రాజనీతి అంటే ఇది.

ఇంత జరుగుతుంటే పేపర్లో ధరలు పెరగలేదని వచ్చింది. 2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతం, ఆహారానిదైతే సున్నాకు కింద 5.02. అబద్ధమని నేననను. అంతకు ముందు అక్టోబరులో ఆహార ధరలు 10.87 శాతం ఎగిశాయి కాబట్టి, ఆ మంట పక్కన నిలబెడితే ఏదైనా చల్లగానే ఉంటుంది. పప్పులూ కూరగాయలూ దిగిన మాట నిజం. దిగనిది నూనె. 2024 సెప్టెంబరు 14న, సరిగ్గా పండగల ముందు, సోయా రైతును ఆదుకోవడానికని ముడి నూనెల మీద దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. మనం వాడే నూనెలో సగానికి పైగా బయటిదే. 2025 మే చివర కొంత తగ్గించి 16.5కు తెచ్చారు. పెరిగేటప్పుడు రేటు విమానంలో వస్తుంది, తగ్గేటప్పుడు పాసింజరు బండెక్కుతుంది. ఆ బండి ఇంకా టిట్లాగఢ్ దగ్గరే ఆగి ఉంది.

పైగా ఆ ద్రవ్యోల్బణం లెక్కగట్టే సూచీ బుట్టలో ఏముండేవో తెలుసా? టేప్ రికార్డరు, వీసీఆర్, క్యాసెట్లు. టేప్ రికార్డరు కొనేవాళ్ళకు బతుకు సుఖంగా ఉందని ఇన్నేళ్ళూ లెక్క తేలి ఉంటుంది. 2026 ఫిబ్రవరిలో కొత్త సూచీ తెచ్చి వాటిని తీసేశారు. పనిలో పనిగా తిండి వాటాను 45.86 నుంచి 36.75కు దించారు. జనం ఖర్చులో తిండి భాగం తగ్గిందని సర్వేలో తేలిందట. తగ్గడం మా ఇంట్లోనూ తగ్గింది. పప్పు జరిగి జరిగి పప్పుచారైంది, పప్పుచారు చారు సరిహద్దు దాటింది, గారెలు పండక్కి పరిమితమయ్యాయి. దీన్ని సర్వేవాళ్ళు జీవన ప్రమాణం పెరగడం అంటారు.

టమాటా సంగతి వేరు. 2023 జులైలో మదనపల్లెలో కిలో రెండొందల దరికి చేరినప్పుడు కేంద్రం రాయితీ ధరకు అమ్మించింది, జనం క్యూలు కట్టారు. అదే టమాటాను 2016 చివర జశ్‌పూర్ జిల్లా పత్థల్‌గావ్ దగ్గర రైతులు ధర లేక రోడ్డు మీద పారబోశారు. మేము మాత్రం బస్తర్ చింతపండును నమ్ముకున్నాం. జగదల్‌పూర్ మండీ చల్లగా ఉన్నంతకాలం తెలుగువాడి పులుపుకు లోటు లేదు.

బియ్యం విషయంలో ఛత్తీస్‌గఢ్‌కు వంక పెట్టలేం. కేంద్రం 2013లో ఆహార భద్రత చట్టం చేస్తే వీళ్ళు 2012లోనే సొంతంగా చేసుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి రమణ్ సింగ్‌ను జనం ‘చావల్ వాలే బాబా’ అన్నారు. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చి ‘చావల్ ఉత్సవ్’ చేశారు. ఇక దాల్ ఉత్సవ్, తేల్ ఉత్సవ్ రావాలి. 2024 మార్చి నుంచి మహతారీ వందన్ పథకం కింద పెళ్ళైన ఆడవాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలు పడుతున్నాయి. “నా ఖాతాలో పడినట్టు నాకన్నా ముందు కొట్టువాడికి తెలుస్తుంది” అంటుంది పక్కింటి దీదీ.

ఉత్తి బియ్యంతో ఎలా బతకాలో కూడా సర్కారే నేర్పింది. 2022 మే 1న, కార్మికుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపిచ్చారు. బోరే బాసీ అంటే మన చద్దన్నమే. నీళ్ళలో నానిన రాత్రి అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. అధికారులు కంచం ముందు కూర్చుని ఫొటోలు పెట్టారు. మా అమ్మ ఆ ఫొటోలన్నీ వరసగా చూసి, “నాను పుట్టినకాడ్నించీ తింతన్నాను, ఒక్కడూ పొటో తియ్యనేదు” అని ఫోను తిరిగిచ్చేసింది.

నిన్న విజయనగరం నుంచి బావమరిది ఫోను. “మీ దగ్గర బియ్యం ఊరికే ఇస్తారట, ధరలు సున్నా అట, మీకేం బావగారూ, దొరలు! పిల్లలకు సెలవులు, అందరం పది రోజులుండేలా వస్తున్నాం.” మా ఆవిడ పక్కనుంచి సైగ చేసింది: వచ్చేటప్పుడు కందిపప్పు తెమ్మనండి. నాలుగు కిలోలని చెప్పాను. అడిగినదాంట్లో సగం తేవడం వాళ్ళింటి ఆచారం.