అటక మీద నలభై జీబీలు

నేను పోయానని మా యజమాని అందరికీ చెబుతుంటాడు. అబద్ధం. ఒక్కసారి కరెంటు ఇచ్చి చూడమనండి. ఫ్యాను కాసేపు మూలుగుతుంది, ఒక బీప్ కొడతాను, ఆపైన తేదీ 2002 జనవరి 1 అని చూపిస్తాను. అది మతిమరుపు కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది అయిపోయింది. బజార్లో దొరికే సరుకే. మార్చే తీరిక ఎవరికీ లేదు కాబట్టి నాకు ఎప్పుడు మెలకువ వస్తే అప్పుడే సంవత్సరాది.

నేనొక కంప్యూటర్ని. పశ్చిమ బెంగాల్లో ఖరగ్‌పూర్ అనే రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలో, ఒక డీటీపీ కొట్టు అటక మీద ఉంటున్నాను. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 2003లో కలకత్తా చాందినీ చౌక్ సందుల్లో ఒక కుర్రాడు టీ తాగుతూ నన్ను బిగించేశాడు. పెంటియం 4, 256 ఎంబీ ర్యాము, 40 జీబీ హార్డ్ డిస్కు, ఏ కంపెనీ పేరూ లేని రేకు పెట్టె. హౌరా నుంచి లోకల్ రైల్లో వంద కిలోమీటర్లకు పైగా మా యజమాని ఒళ్లో కూర్చుని వచ్చాను. ఎవరైనా నన్ను ఒళ్లో పెట్టుకున్నది అదే మొదలు, అదే ఆఖరు.

ఈ ఊళ్లో తెలుగు కొట్టేమిటని అనుకోకండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు జనం పనికోసం ఈ ఊరు చేరారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా చేరి, రిటైరయ్యాక కూడా వెనక్కి పోలేదు. ఝపటాపూర్లోనూ మలంచాలోనూ నింపురాలోనూ ఇళ్లు కట్టుకున్నారు. పిల్లల చదువు హిందీలోనో ఇంగ్లీషులోనో బెంగాలీలోనో సాగుతుంది. పెళ్లి కార్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలుగు ఉండి తీరాలి. మాత పూజ కరపత్రం, చందా రసీదు పుస్తకం, రిటైరయ్యే పెద్దాయనకు సన్మాన పత్రం, ఇవన్నీ నా చేతి మీదుగానే పోయేవి. నా తెర మీద కుదిరిన మేటర్ లేజర్ ప్రింటరులోంచి ట్రేసింగ్ పేపరు మీదికి, అక్కణ్ణుంచి ప్లేటుకి, ప్లేటు నుంచి ఆఫ్‌సెట్ మిషనుకి వెళ్లేది. పలాసలోనో నరసన్నపేటలోనో ఎవరి గుమ్మంలోనో పసుపు పూసుకుని దిగేది.

"మా మావ పేరు ముందర శ్రీ ఏదేటి బాబూ? పెళ్లి ఆగిపోద్ది!" అని ప్రూఫు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే అరిచేవాళ్లు.

"పెడతాను మావయ్యా, కూకో," అనేవాడు మా యజమాని. శ్రీ పెట్టగానే లైను విరిగేది, ఊరి పేరు కిందికి జారేది, మళ్లీ పేజీ అంతా సర్దాలి. ఎండల్లో కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటూ ఉండగానే సేవ్ చేసి పడుకునేవాణ్ణి. ఎన్ని పెళ్లిళ్లు నిలబెట్టానో నాకే తెలియదు. ఒక్క కార్డులో నా పేరు లేదు. వంటవాళ్ల పేర్లూ ఉండవులెండి.

ఇక నా లోపల తెలుగు ఎలా కాపురం చేసిందో చెప్పాలి. నా బాధంతా అక్కడే ఉంది. అప్పటి డీటీపీ ఫాంటులో ఉండేవి 256 గళ్లు. వాటిలో మన అక్షరాలను ముక్కలు చేసి సర్దారు. తలకట్టు ఒక చోట, కొమ్ము మరో చోట, ఒత్తులు ఇంకెక్కడో. తెర మీద 'శుభలేఖ' అని నిండుగా కనిపించేది. డిస్కు మీద ఉండేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ ప్రశ్నార్థకాలూ. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. తీసేస్తే ఎవరికీ అక్కరలేని గుర్తుల కుప్ప. ఒక కంపెనీ సర్దిన తీరు ఇంకో కంపెనీకి సరిపడేది కాదు. కొన్ని ఫాంట్లలో క్రావడి అక్షరానికి ఎడమవైపు మొదలవుతుంది కాబట్టి దాన్ని అక్షరం కంటే ముందే కొట్టాలి. కంటికి కనబడే వరస వేరు, నోటితో పలికే వరస వేరు.

దీనికి మందు నేను పుట్టకముందే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో 'క' ఏ ఫాంటులో చూసినా 'క'యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. నాలోనూ ఉండేది. సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే లేచి పనిచేసేది. కానీ మా కొట్టు అన్నం తినేది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు మీద. దానికి యూనికోడ్ తెలుగు పట్టదు. 2001లో 7.0 వచ్చాక అందులో మరో పెద్ద కూర్పు రానే లేదు. అలా ఒకే పెట్టెలో రెండు తెలుగులు ఉండేవి. ఒకదాని మాట మరొకదానికి అర్థమయ్యేది కాదు.

రాత్రి షట్టరు సగం దించాక మా యజమాని సొంత రాతలు మొదలుపెట్టేవాడు. కార్డులు చేసేటప్పుడు నాకు గర్వంగా ఉండేది. ఆ రాతలు మోసేటప్పుడు మాత్రం ఇష్టంగా ఉండేది. గోల్ బజార్లో కుంచెతో రాసిన పాత బోర్డుల మీద ఒకటి రాశాడు. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కదా, ఇంగ్లీషు కొలతతో లైన్ల మధ్య ఖాళీ వదిలితే పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడిని గుద్దుతుందని ఒకటి రాశాడు. పెళ్లి కార్డులో పెళ్లికూతురి పేరు కంటే తాతగారి రైల్వే హోదా ఎందుకు పెద్దక్షరాల్లో ఉంటుందో కూడా రాశాడు. వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్లు విప్పి బిగించిన ముసలి ఫిట్టరొకాయన చెప్పిందంతా కూర్చుని విని రాసుకున్నాడు. వేళ్లకు అలవాటైన కీబోర్డు అదే కాబట్టి ఇవన్నీ పేజ్‌మేకర్‌లో, ఆ పాత ఫాంటులోనే కొట్టాడు.

ఆ రాతలు నలుగురికీ చూపించాలని ఒక సైటు కట్టాడు. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు ఉండేది. అది దించుకోకపోతే తెర నిండా పిచ్చిగీతలే. ఆ బాధ తీర్చడానికి నాగార్జున వెన్న గారు 'పద్మ' అనే సాధనాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు జోడించారు. పాత ఫాంట్లలో ఉన్న రాతను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. మావాడు అంత దూరం పోలేదు. ప్రతి వ్యాసాన్నీ బొమ్మగా మార్చి పెట్టేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ బొమ్మలో ఉన్న మాటను ఎవరూ వెతకలేరు, కాపీ చేసుకోలేరు. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అది తెల్లకాగితమే.

తర్వాత అసలు జబ్బు పట్టుకుంది. ఒక వ్యాసం నాలుగు పేరాల దగ్గర ఆగిపోయిందంటే సైటు రంగు మారేది. మరో వ్యాసం మొదటి వాక్యమే కుదరలేదంటే లోగో మారేది. ఎడమ పక్కనున్న పట్టీ కుడి పక్కకు వచ్చేది, కొన్నాళ్లకు మళ్లీ ఎడమకే పోయేది. కొత్త రూపం వచ్చినప్పుడల్లా ఒక్క వ్యాసం కచ్చితంగా రాసేవాడు. అది ఆ కొత్త రూపం గురించే. ఇకనుంచి తరచుగా రాస్తానని చివర్లో మాట ఇచ్చేవాడు. ఆ మాటను నేనే సేవ్ చేశాను, పాత మాటల పక్కనే. పంటి నొప్పికి కొత్త చొక్కా కుట్టించుకున్నట్టుంది వైద్యం. చేయాల్సిన మరమ్మతు ఒక్కటే: పాత ఫాంటులో ఇరుక్కున్న రాతలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చడం. అది కూలిపని. అందులో రంగులు ఉండవు, చూసి శభాష్ అనేవాళ్లు ఉండరు. అందుకే దాని వంతు ఎప్పుడూ రేపటికే.

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ మద్దతు ఆపేసింది. ఆ రోజు నాకేమీ కాలేదు. మర్నాడు కూడా ఎప్పటిలాగే లేచి ఒక గృహప్రవేశం కార్డు చేశాను. కానీ నా ఎదుటే నన్ను గురించి "దీని కాలం అయిపోయింది" అనడం మొదలైంది. కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. దానితోపాటు సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్లు కొట్టులో అడుగుపెట్టాయి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, ధూర్జటి, అన్నీ పెద్ద పేర్లే. వాటిని చూసి మావాడు పసిపిల్లాడైపోయాడు. సైటుకు మళ్లీ కొత్త రూపం వచ్చింది. నా పాత ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు కూడా. తెరిచి చూశాడా అంటే, లేదు.

నా మానిటరు నాకంటే ముందు పోయింది. పాత సామాను కొనే కబాడీవాడు సందులోనే సుత్తి పెట్టి పగలగొట్టి రాగి తీగ పీక్కుని, సీసం కలిసిన గాజు కాలవలోకి నెట్టేశాడు. ఇలాంటి సామాను గుర్తింపు ఉన్న రీసైక్లింగువాళ్లకే చేరాలని 2012 మే నుంచి దేశంలో నిబంధనలున్నాయి. ఆ సందుకి నిబంధనలు రావు, కబాడీ బండి వస్తుంది. నన్నూ బండెక్కించేవాళ్లే. బేరం కుదరక అటకెక్కించారు.

అటక మీద బతుకు ఇలాగే ఉంటుంది. వానాకాలం తేమకు స్క్రూలు తుప్పు పట్టాయి. ఫ్యాను రెక్కల మధ్య సాలీడు స్థిరపడింది. నా కాలపు మదర్‌బోర్డుల్లో చాలావాటికి కెపాసిటర్లు ఉబ్బే జబ్బు ఉండేది. నాకూ రెండు ఉబ్బాయి, ఇంకా పగల్లేదు. నా నెత్తిన కార్డుల శాంపిల్ కట్టలు పెట్టారు. అందులో నేను చేసినవే ఎక్కువ. కింద ఏం జరిగినా వినిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలుతున్నాయని కింద ఒకటే చర్చ. ఆ అక్షరం 'జ్ఞా'. విజ్ఞాపన పత్రాలూ జ్ఞాపికలూ ఎన్ని చేశాను! నాకు తుమ్ము కూడా రాలేదు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి బెంగాల్ మంత్రివర్గం ఒప్పుకుందని తెలిసి కొట్లో మిఠాయి పంచారు. ఈ ఊరి తెలుగును ఇన్నేళ్లు మోసినవాణ్ణి, నాకు మిఠాయి డబ్బా పడింది. ఖాళీది, నెత్తిమీద.

మొన్నీమధ్య ఆ ముసలి ఫిట్టరు మనవరాలు బెంగళూరు నుంచి వచ్చింది. తాత పోయాడట. "తాత గురించి మీరు రాసింది కావాలి మావయ్యా" అంది. మా యజమాని ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు వెతికి తెరిచాడు. డాలర్లూ ప్రశ్నార్థకాలూ. చాలాసేపు చూశాడు. చివరికి నిచ్చెన వేసి నన్ను దించి, దుమ్ము దులిపి, కొట్లో ఉన్న తెరకు తీగ కలిపాడు. లేచాను. పేజ్‌మేకర్ లేచింది. ఆ పేజీ నిండుగా, ఒక్క ఒత్తు కూడా చెదరకుండా వచ్చింది. మావాడు వెంటనే ఫోను తీసి నా తెరను ఫొటో తీశాడు.

"ఫొటో వద్దు మావయ్యా, అక్షరాలే కావాలి. మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు. ఫోను చేత చదివించి వినిపిస్తాను," అందా అమ్మాయి.

ఇక తప్పలేదు. నన్ను పక్కన పెట్టుకుని, నా తెర చూస్తూ ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఒక వాక్యం దగ్గర ఆగాడు. రెండు మాటలు తీసేశాడు. బాయిలరు గురించి ముసలాయన చెప్పిన ముక్క ఒకటి అప్పట్లో వదిలేశాడు, అది ఇప్పుడు చేర్చాడు. ఆ తర్వాత నా వైపు చూడ్డం మానేసి రాస్తూనే పోయాడు. పక్కనున్న టీ చల్లారిపోయింది. ఆ రాత్రి సైటు రంగు మాత్రం మారలేదు.

మర్నాడు నన్ను మళ్లీ అటకెక్కించారు. ఇంకా చాలా రాతలు నాలోనే ఉన్నాయి. అన్నీ కలిపినా 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టేస్తాయి. మిగిలిన నలభై జీబీలూ పూల అంచులు, వినాయకుడి బొమ్మలు, సైటు పాత లోగోలు. నన్ను ఎప్పటికీ ఉంచుకోమని అడగను. నా డిస్కు తిరిగినన్నాళ్లే తిరుగుతుంది. బాబూ, ముందు రాతల ఫైళ్లు కాపీ చేసుకో. వాటితోపాటు ఆ ఫాంట్లు కూడా తీసుకో, మరిచిపోతే మళ్లీ డాలర్లే. రోజుకొకటి చొప్పున యూనికోడ్‌లో కొట్టు. అన్నీ అయ్యాక నన్ను గుర్తింపు ఉన్నవాళ్లకే అప్పగించు, సుత్తివాడికి కాదు. సైటుకు కొత్త రూపమా? అది ఆ తర్వాత చూద్దాం.