నేను లింగాలమెట్టను

అనకాపల్లి నుంచి శంకరం ఊరి వైపు వస్తే పొలాల నడుమ జంటగా కనబడే మెట్టల్లో పడమటిదాన్ని నేను. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ. మా వెనకాల దూరంగా తూర్పు కనుమలు. అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నది ఈ పల్లాన్ని తడుపుతూ సముద్రానికి పోతుంది. వరి, చెరుకు, అనకాపల్లి బెల్లం అన్నీ ఈ నేల ఇచ్చినవే.

బౌద్ధ భిక్షువులు మమ్మల్ని ఎంచుకోవడానికీ చుట్టూ ఉన్న పల్లెలే కారణమనుకుంటాను. ధ్యానానికి ఏకాంతం కావాలి, పూట గడవడానికి భిక్ష కావాలి. ఊరి గోల వినబడనంత ఎడంగా, పాత్ర పట్టుకుని నడిచి వెళ్లగలిగేంత దగ్గరగా ఉన్నాం మేము. నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా వాళ్లు ఇక్కడ మసలారు. బొజ్జన్నకొండలో గుహలు తొలిచారు, బుద్ధుణ్ణి చెక్కారు, పైన మహాస్తూపానికి ఇటుకలు పేర్చారు. నాకు మాత్రం బయటి నుంచి ఏమీ తేలేదు. నా ఒంటినే చెక్కి, వరుస మీద వరుసగా స్తూపాలు తీశారు. ఆ ఉలి దెబ్బలు నాకు ఇప్పటికీ గర్వమే.

తర్వాత విహారం ఖాళీ అయింది. చూడవచ్చినవాళ్లు భిక్షువులను మరిచి, నా స్తూపాలను శివలింగాలనుకున్నారు. నాకు బాధ లేదు. దండం పెట్టే చెయ్యి రాయి విసరదు కదా! నా తోడు బొజ్జన్నకొండకు ఆ భాగ్యమూ దక్కలేదు. కనుమ నాడు జనం తరలివచ్చి, అక్కడున్నది రాక్షసుడనుకుని రాళ్లు రువ్వేవారు. వారసత్వం మీద మమకారం ఉన్నవాళ్లు పూనుకుని ఆ ఆచారాన్ని మాన్పించారు.

1906-08 మధ్య పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. అంత దూరపు చక్రవర్తి నాణెం ఏ బాటసారి మూటలో మా దాకా వచ్చిందో!

ఇప్పుడు వచ్చేవాళ్లు తూర్పు మెట్లెక్కి, బుద్ధుణ్ణి చూసి, ఫోటో దిగి వెళ్లిపోతారు. నా వైపు వచ్చేది కొందరే. వారిలోనూ కొందరు స్తూపం మీద కూర్చుంటారు, పేర్లు గీకుతారు. బొజ్జన్నకొండ మీద ఇటుక జారితే ఇంకో ఇటుక పెట్టవచ్చు. నా దగ్గర స్తూపమూ నేనూ ఒకే రాయి. వానకు అరిగిందీ, చెప్పు కింద నలిగిందీ మళ్లీ అతకదు.

ఈసారి బొజ్జన్నకొండ దిగాక ఇటూ రండి. పిల్లలకు నా వరుసలు చూపించండి. స్తూపాల మీద మాత్రం కాలు మోపనివ్వకండి.