వరుస తప్పితే మా బావ ఊరుకోడు

చిలకలూరిపేటలో మా బావకి ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. నాదెండ్ల నుంచో మార్టూరు నుంచో రైతు వచ్చి “మిరపతోటకి ఏదన్నా మంచి మందు ఇయ్యవయ్యా” అంటే బావ చెయ్యి మందుల బీరువా వైపు పోదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి విచారణ మొదలుపెడతాడు. నల్లరేగడా, ఎర్ర నేలా? బోరు కిందా, సాగర్ కాలువ కిందా? వేసింది తేజానా, 334 రకమా? ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి, దేని మందు దానిదే. అన్నీ విన్నాక ఒక్కోసారి “దీనికి మందెందుకు బాబాయ్, వారం ఆగి చూడు” అని ఉత్త చేతుల్తో పంపేస్తాడు. చేతికొచ్చిన బేరం చేజేతులా పోగొడతాడని మా అక్క గోల. రైతులకి ఆయన మాట మీద గురి కుదిరింది మాత్రం అందుకే.

ఇదే మనిషిని పట్టుకుని ఎవరన్నా “కామిక్స్ చదవడం మొదలుపెడదామనుకుంటన్నా, ఏదన్నా ఒకటి చెప్పండి” అంటే ఒక్క ప్రశ్న కూడా అడగడు. నీ వయసెంత, ఏ భాష వచ్చు, నవ్వుకోవడానికి కావాలా, గుండె బరువెక్కడానికి కావాలా, బస్సులో చదువుతావా, పడుకునే ముందు చదువుతావా? ఏమీ అక్కర్లేదు. ఆయన దగ్గర ఉన్న మందు ఒకటే. మోతాదూ ఒకటే. మొత్తం.

ఈ జాతి మనుషులు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. ఇళయరాజా పాటొకటి బాగుందని పొరపాటున అన్నామా, “అట్టా కాదండీ, 1976 నుంచి వరసగా వినుకుంటా రావాలి” అంటారు. వీళ్లని ఒక మామిడిపండు అడిగితే తోట కౌలు రాసిస్తారు. కామిక్స్ విషయంలో ఈ జబ్బు బాగా ముదిరిన కేసు మా బావ.

ఆయన పుస్తకాలన్నీ కొట్లోనే, పై అరల్లో, విత్తనాల కంపెనీల అట్టపెట్టెల్లో ఉంటాయి. పెట్టె మీద పత్తి విత్తనాల పేరు, లోపల టిన్‌టిన్. జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి వెళ్లి కొన్నవి, అలంకార్ సెంటర్లో పాత పుస్తకాల గుట్టల్లో మోకాళ్ల మీద కూర్చుని ఏరినవి, హైదరాబాద్ పెళ్లికని వెళ్లి ముహూర్తం వదిలేసి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడినవి. ఆ పెళ్లి నా పెళ్లే కాబట్టి ఇది ఊరికే పుట్టించింది కాదు. కింద అరల్లో మందు డబ్బాలు, పైన పుస్తకాలు ఉండటంవల్ల ఏ పేజీ తిప్పినా ముక్కు మండే వాసన. అయితే చెప్పుకోవాలి, ఇన్నేళ్లలో ఒక్క పుస్తకానికీ పురుగు పట్టలేదు.

ఎరువిచ్చిన పుస్తకాలు కూడా అప్పు పద్దులోనే రాస్తాడు. “యడ్లపాడు, డీఏపీ రెండు కట్టలు, ఆస్టెరిక్స్ ఒకటి” అని నేను నా కళ్లతో చూశాను. షరతులు వేరే: పేజీ మడవకూడదు, తింటా చదవకూడదు, పచ్చడి కలిపిన చేత్తో అసలు ముట్టుకోకూడదు. పల్నాడు జిల్లాలో ఈ మూడో షరతు పాటించగల మనిషి ఎక్కడ దొరుకుతాడో ఆయనకే తెలియాలి.

ఇక సిలబస్. అది అమరావతితో మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాడు పుస్తకం కోసం చెయ్యి చాస్తాడు, బావ ఫోన్ తీసి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రటి రాతిపలక ఫొటో చూపిస్తాడు. నళగిరి ఏనుగు కథ. ఒకే చక్రంలో ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటా వస్తుంటుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ల దగ్గర మోకాళ్లు వంచి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు. “ఈ ఏనుగుకీ ఆ ఏనుగుకీ మధ్య ఏం జరిగిందో ఎక్కడుంది? నీ బుర్రలో ఉంది. అదే కామిక్ అంటే” అని బావ బల్ల గుద్దుతాడు. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట, మన పల్నాటి రాతి మీద, మన కృష్ణ ఒడ్డున.

ఆ ఊపులో 1797లో కల్నల్ మెకంజీ అమరావతి వచ్చి ఆ రాళ్లని చూడటం, తర్వాత కొన్ని మద్రాసుకీ కొన్ని లండన్‌కీ పోవడం చెప్పి, చివరికి స్కాట్ మెక్‌క్లౌడ్ మీద పడతాడు. పాపం ఆయనేం చేశాడు? కామిక్ అంటే ఏమిటో బొమ్మల్లోనే విడమరిచి చెబుతా 1993లో ఒక పుస్తకం వేశాడు. అందులో ఈజిప్టు గోడబొమ్మలు చూపించాడు, ఫ్రాన్సులో ఉన్న బేయూ గుడ్డపటం చూపించాడు, అమరావతిని మర్చిపోయాడు. ఇది బావకి సొంత పొలం సర్వేలో తప్పిపోయినంత బాధ. మెక్‌క్లౌడ్‌కి ఉత్తరం రాస్తానని ఆయన అంటున్నప్పటికి మా మేనకోడలు బడికి పోతా ఉండేది. ఇప్పుడు ఆ పిల్ల బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది.

రెండో మెట్టు చందమామ. అది కామిక్ కాదు కదా, కథకి బొమ్మలు వేసిన పత్రిక కదా అని అన్నామా, అయిపోయాం. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారనీ, చక్రపాణిది తెనాలి అనీ, ఏళ్ల తరబడి దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుది తెనాలి అనీ, ‘తోకచుక్క’ దగ్గర్నుంచి మాంత్రికుల సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఊరు తెనాలి దగ్గర పెదగాదెలవర్రు అనీ వరస పెడతాడు. తెనాలి లేకపోతే తెలుగు పిల్లలకి మాంత్రికులే లేరని ఆయన లెక్క. ఆ సీరియళ్లకి చిత్రా వేసిన బొమ్మలు, భుజాన శవంతో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడిగా శంకర్ వేసిన బొమ్మ, ఇవి చూస్తే చాలు, మాటలు చదవకపోయినా కథ తెలుస్తుందంటాడు. ఆ మాట నిజమే. చదువు రాని మా నాయనమ్మ చందమామని అట్టాగే చదివేది.

తర్వాత బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు, ఆంధ్ర వారపత్రికలో డుంబు బొమ్మల కథ వేసినాయన. తర్వాత బుడుగుకి బాపు వేసిన బొమ్మలు. తర్వాత అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ. అందులో మన కథల్లో మొదటిది ‘కృష్ణ’ అయినా దాని నంబరు పదకొండు ఎందుకో తెలుసా అని బావ అడుగుతాడు. తెలుసన్నా చెబుతాడు. మొదటి పదీ సిండ్రెల్లా లాంటి పాశ్చాత్య కథలు, కన్నడంలో వచ్చినవి. ఇవన్నీ దాటితే గానీ బెల్జియం సరిహద్దు తెరుచుకోదు. టిన్‌టిన్, ఆస్టెరిక్స్, వాచ్‌మెన్, మౌస్, పర్సెపోలిస్, ఈ వరసలో. ఒకటి దాటేసి ఇంకోటి అందుకుంటే ఆయన మొహం చూడలేం.

ఇదంతా అయినా భరించొచ్చు, ఇచ్చిన తర్వాత వెంటపడటం ఉంది చూశారూ, అది నరకం. రాత్రి తొమ్మిదింటికి ఫోను. “ఏ పేజీలో ఉన్నావు?” కెప్టెన్ హెడాక్ కనపడ్డాడా? నవ్వావా? ఏది చూసి నవ్వావు? “అది కాదురా, దాని తర్వాతది చూసి నవ్వాలి.” ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు నేను ఉయ్యాల బల్ల మీద పర్సెపోలిస్ చదువుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని నా మొహమే చూస్తా కూర్చున్నాడు. తను మొదటిసారి ఆ పేజీ తిప్పినప్పుడు ఏమైందో అది నాలో మళ్లీ జరుగుతుందేమోనని ఆశ. నాకేమో అరిసె పాకం గొంతులో అడ్డం పడింది. నేను పొలమారితే, కథకి కన్నీళ్లొచ్చాయనుకుని ఆయన పొంగిపోయాడు.

మనిషి మంచివాడు, అది కూడా చెప్పాలి. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చి మిరపతోటల్ని ఊడ్చేసినప్పుడు, మందులు కొట్టినా లాభంలేక రైతులు మొక్కలు పీకేస్తున్నప్పుడు, ఆ కొట్లో కామిక్స్ మాట వినపడలేదు. అప్పు పద్దు మూసి పెట్టాడు. ఎవర్నీ అడగలేదు. ఆ ఏడు మా అక్క కూడా ఏమీ అనలేదు.

సరే, అసలు సంగతికి వస్తా. పోయిన వేసవిలో మార్టూరు వైపు నుంచి ఒక కుర్రాడు, బీటెక్ చదివేవాడు, మందు కోసం వచ్చి పై అరల వైపు చూశాడు. “బాబాయ్, ‘వన్ పీస్’ ఉందా?” అన్నాడు.

అది జపాను కథ. 1997లో మొదలై వంద సంపుటాలు దాటినా ఇంకా అయిపోలేదు. ఉర్దూ పేపరు మాదిరి కుడి నుంచి ఎడమకి చదవాలి. బావకి దాని మీద మూడు అభ్యంతరాలు: అంతులేనిది, వెనక నుంచి మొదలయ్యేది, తన సిలబస్‌లో లేనిది. “ముందు నీకు నళగిరి ఏనుగు చూపిస్తా” అని ఫోన్ తీశాడు.

నేను అక్కడే ఉన్నాను. కుర్రాడి మీద జాలేసి, “బావా, అమరావతి తర్వాత చూసుకోవచ్చు, ముందు టిన్‌టిన్ ఇవ్వు. అందులోనూ ‘టిబెట్’ ఇవ్వు, ఢిల్లీ కూడా వస్తుంది” అన్నాను.

“టిబెట్ ముందు ఇత్తే చాంగ్ ఎవరో వీడికెట్టా తెలుస్తది? ముందు ‘బ్లూ లోటస్’ చదవాల” అన్నాడు బావ.

“బ్లూ లోటస్ చదవాలంటే దాని ముందు ‘సిగార్స్’ చదవాలి కదా మరి!” అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు ఎవరి గొంతుతో మాట్లాడుతున్నానో. అక్కడ్నుంచి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. గొంతులు లేచాయి. యూరియా కోసం వచ్చినవాళ్లు తగాదా డబ్బుల గురించేమో అనుకుని మధ్యవర్తిత్వానికి ముందుకొచ్చారు. ఈ లోపల కుర్రాడు బల్ల మీద దుమ్ము దులపడానికి పెట్టిన పుస్తకమొకటి తీసి “ఇది పట్టుకెళ్తన్నా బాబాయ్” అని బండెక్కి పోయాడు. అది మౌస్, మొదటి సంపుటం.

“వరస తప్పిందిరా బామ్మర్దీ” అని బావ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

తర్వాత పుస్తకంతో వచ్చింది కుర్రాడు కాదు, వాళ్ల తాత. పంచె, తలగుడ్డ, చంకలో ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా చుట్టిన మౌస్. “ఏందయ్యా, ఎలకల మందు కంపెనీ వాళ్లు ఇంత పెద్ద పుస్తకం ఏశారు అనుకున్నా. మా చేలో ఎలకలు లేవే, మనకెందుకు పంపిచ్చాడా అని” అన్నాడు. పురుగుమందుల కొట్టు నుంచి అట్ట మీద ఎలకలున్న పుస్తకం ఇంటికొస్తే ఎవరైనా అదే అనుకుంటారు. తీరా తెరిస్తే ఎలకలకి కోట్లు, టోపీలు. మనవడు పక్కన కూర్చుని చదివి చెప్పాడట, రాత్రి అన్నాలయ్యాక, రోజూ కొంచెం.

“ఆ ముసలాయన నిజంగా ఉన్నాడా?” అన్నాడు.

ఉన్నాడనీ, పోలండ్‌లో యూదు అనీ, హిట్లర్ కాలంలో ఆష్విట్జ్ దాకా పోయి బతికొచ్చాడనీ, ఆయన చెబుతుంటే విని కొడుకు ఆర్ట్ స్పీగెల్‌మన్ బొమ్మల్లో పెట్టాడనీ బావ చెప్పాడు. పులిట్జర్ బహుమతి గురించి కూడా చెప్పబోయాడు గానీ తాతకి దాంతో పనిలేదు.

“దారిలో తీగముక్క కనపడితే ఏరి జేబులో ఏసుకుంటాడయ్యా, మా కోడలు నన్ను తిట్టేది దానికే. కొడుకు కోటు పాతదని చెప్పకుండా పారేశాడు, సూడు!” అని నవ్వాడు. నవ్వుతానే, “మరి పెళ్లాం రాసుకున్న పుస్తకాలు తగలబెట్టాడే. కొడుక్కి కోపం రాదూ? ఆడేమో అలిగి పోయాడు. పాతకథలో ఏమో మొగుడూ పెళ్లాలని ఆ గేటు దగ్గరికి లారీలో తెచ్చి దించారు. అయిపోయిందంటాడు మావోడు. అదెట్టా అయిపోద్ది?”

“అయిపోలా పెద్దాయనా. 1986లో ఇది వచ్చింది, మిగతాది 1991లో వచ్చింది.”

“అయితే తియ్యి.”

బావ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇస్తాలే గానీ, రెండోది చదివేముందు కొంచెం నేపథ్యం కావాల. నీకు అమరావతి నుంచి…”

“అమరావతి నాకు చెప్పబాకు, మా చెల్లెల్ని ఇచ్చింది అక్కడే. ఆ ముసలోడు ఏమయ్యాడో చూడాల నేను. ఇత్తావా, పక్క కొట్టుకి పొమ్మంటావా?”

మా జిల్లాలో రైతు చేతిలో ఉన్న చివరి ఆయుధం ఇది. పక్క కొట్లో యూరియా, డీఏపీ, జింకు తప్ప ఇంకేమీ దొరకవని తాతకీ తెలుసు, బావకీ తెలుసు. అయినా ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకోనిస్తుందా? బావ గుమాస్తాని కేకేసి నిచ్చెన తెప్పించాడు. పై మెట్టు ఎక్కి, పత్తి విత్తనాల పెట్టెలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే తాత కింద నుంచి నిచ్చెన పట్టుకుని అన్నాడు:

“ఎట్టాగూ ఎక్కావు గదా, ఆ పక్క అరలో నల్లి మందు కూడా ఒక లీటరు దించు. పోయినేటి రేటుకే ఎయ్యి.”